కడియం ఎత్తు

పదకొండు దీవులు నా వంతు.
గోడ మీది మునిసిపాలిటీ పటంలో
ఎవరో పెన్ను విదిలిస్తే పడ్డ చుక్కల్లా ఉంటాయి.
సోమవారం బీపీలు, బుధవారం ఇన్సులిన్లు,
శుక్రవారం పుళ్ళకు కట్లు మార్చడం.
అన్నీ గాలి ఒప్పుకుంటేనే.

డిసెంబరు చివర, మళ్ళీ ఏప్రిల్ నడుమ
నీళ్ళు ఒక మాట మీద ఉండవు.
మంచు మనిషిని మోయదు,
పడవకు దారీ ఇవ్వదు.
ఆ పదిహేను రోజులూ ఎవరూ జబ్బు పడకూడదని
కౌన్సిల్ తీర్మానమేం లేదు,
అయినా అందరూ పాటిస్తారు.
పోయినేడు ఒక్క టోర్‌స్టెన్ పాటించలేదు.
హెలికాప్టర్ వచ్చేసరికి
అతని కాఫీ ఇంకా వెచ్చగానే ఉంది.

ఇది జూన్.
రాత్రి పదకొండింటికి కూడా వెలుతురు
పొమ్మన్నా పోని చుట్టంలా
గుమ్మంలోనే నిలబడి ఉంటుంది.
పసుపుపచ్చ ఫెర్రీలో నేనూ, రెండు గొర్రెలూ,
ఒక ఫ్రిజ్జూ, స్టిగ్ ఈలపాటా.
టికెట్ లేదు. ఫెర్రీ అంటే ఇక్కడ రోడ్డే,
కాకపోతే ఊగే రోడ్డు.

గుర్లికి తొంభై మూడు.
బీపీ పట్టీ తీస్తే చెయ్యి ఇవ్వదు.
"ముందు కడియం" అంటుంది.

వాళ్ళ తాత ఆంటన్ బండరాయిని తొలిచి
దిగ్గొట్టిన ఇనుప కడియం.
అప్పట్లో పడవ తాడు దానికే.
ఇప్పుడు దాని కింద గడ్డి, గడ్డిలో చీమలు,
పక్కన నారింజ కాయల ముళ్ళపొద.
అక్కణ్ణించి నీళ్ళకు నలభై మూడు అడుగులు, నావి.
గుర్లివైతే డెబ్భై.

వేల ఏళ్ళ కిందట ఈ నేల మీద
రెండు మైళ్ళ మందాన మంచు కూర్చుని
లేచిపోయింది.
పరుపు ఇంకా ఉబ్బుతూనే ఉంది,
ఏడాదికి ఎనిమిది మిల్లీమీటర్లు.
గోరు అంతకన్నా తొందరగా పెరుగుతుంది.
కానీ గోరు కత్తిరిస్తాం.

ఆమె దగ్గర ఒక పాత తెడ్డు ఉంది.
ఒక వైపు కడియం ఎత్తు గాట్లు,
రెండో వైపు తన ఎత్తు.
పెళ్ళినాటికి నూట అరవై ఒకటి.
పోయిన జూన్‌లో నూట యాభై రెండు.
"రాయి లేస్తోంది, నేను దిగుతున్నాను,
ఎక్కడో ఒకచోట ఎదురుపడతాం" అంటుంది
పళ్ళసెట్టు సర్దుకుంటూ.

బల్ల మీద ఉత్తరం, ఉత్తరం మీద భూతద్దం.
పడవల కొట్టు గుమ్మానికీ నీళ్ళ అంచుకీ నడుమ
కొత్తగా తేలిన నేల
మీది కాదు, ఉమ్మడి నీళ్ళ సంఘానిదని,
కావాలంటే కొనుక్కోవచ్చని,
ధర కింద ఉందని.
దాని కింద సర్వేయర్ యోర్మా సంతకం,
చేప తోకలా.

కోపమొస్తుందనుకున్నాను. రాలేదు.
"నిజమే. సముద్రమై ఉన్నప్పుడు నాది కాదు,
నేలయితే మాత్రం నాదెట్లా?
రాఫెల్ వల ఇక్కడే వేసేవాడు,
ఇదిగో, ఈ చీమలపుట్ట దగ్గర.
ఒక పొద్దున పద్దెనిమిది చేపలు.
వాటిని ఎవరి పేరున రాస్తాడో
అడుగు ఆ యోర్మాని."

తోట పైపు రెండు కొసలకీ
నేనిచ్చిన సెలైన్ గొట్టం ముక్కలు.
నీళ్ళు నింపితే మట్టం అదే చెప్తుంది.
ఒక కొస కడియానికి ఆనించి గుర్లి,
రెండో కొసా తెడ్డూ పట్టుకుని
మోకాళ్ళ దాకా చలి నీళ్ళలో నేను.
"ఊపిరి బిగబట్టు, నీళ్ళకి తెలుస్తుంది"
అని పైనుంచి అరుపు.

గాటు చూసి చెప్పాను. పోయినేటి కన్నా
నాలుగు వేళ్ళు ఎక్కువ!

గుర్లి పైన్ చెట్ల తలలు చూసింది.
"రాత్రంతా ఉత్తరపు గాలి.
నీళ్ళని కిందికి తోసేసింది.
రాయి అంత తొందరపడేది కాదు.
పెన్సిల్‌తో రాయి."

అప్పుడు చెయ్యి చాపింది.
నూట నలభై ఎనిమిది, కింద ఎనభై.
అదీ పెన్సిల్‌తోనే రాయమంది.